పాత దేవాలయం ఎవరిది?

మన విచారణలలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది. "ఫాదర్ గారూ, పాత గుడి ఇరుకైపోయింది. వానొస్తే కారుతోంది. గోడలు నెర్రెలిచ్చాయి. పడగొట్టి కొత్తది కట్టుకుందామండీ." తెనాలి వైపు విన్నా, రేపల్లె వైపు విన్నా, బాపట్ల వైపు విన్నా ఈ మాట తీరు ఒకటే. ఇలా అనేవారు భక్తి లేనివారు కారు. కొత్త గుడికి మొదటి చందా రాసేది చాలాసార్లు వారే. ఎదురు చెప్పేవారూ అక్కడే ఉంటారు. "మా తాతలు తట్టలు మోసి కట్టిన గుడండీ. మా అమ్మానాన్నల పెండ్లి ఈ బలిపీఠం ముందే జరిగింది. ఒక్క ఇటుక కూడా కదలనివ్వం" అంటారు. ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీద మొదలైన ఈ వాదం ఇండ్లలోకి పోతుంది. ఒక్కోసారి బంధువుల మధ్య మాటలు కూడా లేకుండా చేస్తుంది.

ఇది కేవలం డబ్బుకూ, ఇంజనీరుకూ సంబంధించిన విషయమైతే ఈ శీర్షికలో ప్రస్తావించే అవసరం లేదు. దీని అడుగున ఒక నైతిక ప్రశ్న ఉంది. మనం కట్టని దేవాలయాన్ని కూల్చే హక్కు మనకు ఉన్నదా? ఉంటే ఎప్పుడు? కూల్చరాదని పట్టుబట్టేవారి మీద పడే భారం ఏమిటి?

ముందుగా కూల్చాలనే పక్షంలో ఉన్న బలాన్ని ఒప్పుకుందాం. ఆ బలం పుస్తకాలు నేర్పింది కాదు, మన సముద్ర తీరం నేర్పింది. 1977 నవంబరు 19న వచ్చిన తుఫాను దివిసీమను తుడిచిపెట్టింది. కృష్ణకు ఇవతల ఉన్న రేపల్లె, బాపట్ల ప్రాంతాలను కూడా వదలలేదు. చనిపోయినవారు వేలల్లో ఉన్నారు. ఇండ్లు విడిచి వచ్చి బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్నవారి మీద ఆ కట్టడమే కూలి ఎందరో ప్రాణాలు కోల్పోయారని ఆ తుఫాను గురించిన కథనాలలో నమోదై ఉంది.

ఆ ఒక్క సంగతి దగ్గర మనం కాసేపు ఆగాలి. గాలివాన వచ్చినప్పుడు పూరిండ్లలోని వారు గుడి వైపు ఎందుకు పరుగెత్తుతారు? తమ ఇంటి గోడల కంటే గుడి గోడలు గట్టివి కనుక. దేవుని ఇల్లు తమను కాపాడుతుందన్న నమ్మకం ఉంటుంది కనుక. కాబట్టి గుడి గోడ ఎంత గట్టిది అన్నది భక్తికి బయటి ప్రశ్న కాదు. విశ్రాంతి దినం విషయంలో క్రీస్తునాథుడు నేర్పిన న్యాయమే ఇక్కడా వర్తిస్తుంది. గుడి మనుష్యుల మేలు కోసం ఏర్పడింది. మనుష్యులను గుడికి బలి ఇవ్వకూడదు. పిల్లలు వేదపాఠం నేర్చుకునే చోట పైనుంచి పెచ్చులు ఊడి పడుతూ ఉంటే, "ఇది మా తాతల గుడి" అనే మాట ఆ పిల్లల తలలకు గొడుగు పట్టదు.

అయితే ప్రమాదం ఉన్నదంటే కూల్చక తప్పదని అర్థమా? ఇక్కడ తొందరపడకూడదు. 2010 మే 26న శ్రీకాళహస్తిలో రాజగోపురం కూలింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురమది. మరుసటి ఏడాది, 2011లో, మన బాపట్లలోనే భావనారాయణస్వామి ఆలయ గాలిగోపురం కూలింది. ఊరికి పేరు తెచ్చిన ఆలయమది. మతం ఏదైనా కావచ్చు, తరతరాలుగా దూరం నుంచే కనిపిస్తూ వచ్చిన గోపురం ఒక్కసారిగా లేకపోతే ఊరికి కలిగే లోటు ఏమిటో బాపట్లవారికి ఒకరు చెప్పనక్కర లేదు.

"వయసు మీరింది, పడిపోయింది" అని సులువుగా అనేస్తాం. వయసు ఒక్కటే కారణమైతే 1010లో పూర్తయిన తంజావూరు బృహదీశ్వరాలయ విమానం ఏనాడో నేలకు ఒరగవలసింది. కాళహస్తి గోపురం మీద పగుళ్లు కూలడానికి ముందునుంచే కనిపించాయి. కట్టడాలు కూడా ముసలివారిలాగే ముందు మూలుగుతాయి, ఆ తరువాతే పడిపోతాయి. ఆ మూలుగు వినేవారు ఉన్నారా లేరా అన్నదే తేడా.

మన డెల్టాలో పాత గుళ్లు ఎలా జబ్బు పడతాయో ఒకసారి చూడండి. మనది చాలాచోట్ల నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుని బీటలు తీస్తుంది. చూరు నీరు గోడ మొదట్లోనే గుంటకట్టి నిలిస్తే పునాది ఏటా కొంచెం కొంచెంగా కదులుతుంది. గోడ పైభాగంలో కాకి వేసిన రావి విత్తనం మొలుస్తుంది. బెత్తెడు మొక్కగా ఉన్నప్పుడు పిల్లవాడైనా పీకేయగలడు. పదేళ్లు వదిలేస్తే దాని వేరు గోడను రెండుగా చీలుస్తుంది. పెంకు ఒకటి జారితే ఆ కంత గుండా దిగిన నీరు టేకు దూలం కొనను కుళ్లబెడుతుంది, ఆ తడికి చెదలు చేరతాయి.

వీటన్నిటికంటే ఎక్కువ హాని చేసేది మనం మంచి మనసుతో చేసే మరమ్మతు. మన పెద్దలు గానుగలో నూరిన సున్నంతో ఈ గోడలు కట్టారు. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపడం కూడా ఉండేది. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద మనం సిమెంటు పూత వేస్తాం. ఆ పూత వెనుక తడి చిక్కుకుంటుంది. ఉప్పు పొంగి లోపల ఇటుక పొడి అవుతుంది. పైకి గోడ నున్నగా, రంగులతో కళకళలాడుతూ ఉంటుంది. నాలుగేళ్లకు పూత మొత్తం పెళ్లగా ఊడివస్తే, "చూశారా, పాత గోడలో బలం లేదు" అంటాం. ఇంకొక సంగతి. సముద్రపు గాలి తగిలే చోట సరిగా కట్టని కాంక్రీటు స్లాబులలో ఇనుము తుప్పు పట్టి, ముప్పై నలభై ఏళ్లకే పెచ్చులు రాలడం మనం చూస్తూనే ఉన్నాం. కొత్తది కనుక గట్టిది అనే నమ్మకానికి మన తీరంలో పూచీ లేదు.

కాబట్టి కూల్చే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ గుడి నిలబడలేకపోతున్నదా, లేక మనం దానిని నిలబెట్టడం మానేశామా? మొదటిది నిజమైతే కూల్చడం విధి కావచ్చు. రెండవది నిజమైతే, మన అశ్రద్ధకు శిక్ష గుడికి వేస్తున్నామన్నమాట. ఈ రెండింటి తేడా వాదాలతో తేలదు. అనుభవమున్న ఇంజనీరును పిలిచి చూపించాలి. పగులు పాతదా, ఇంకా పెరుగుతున్నదా తెలుసుకోవడానికి పగులుకు అడ్డంగా చిన్న గాజు పలక అతికించి, దాని మీద తేదీ వేసి, ఒక వానకాలం, ఒక ఎండకాలం గమనించే పద్ధతి ఉంది. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టు. పగలకపోతే ఆ పగులు ఎప్పటిదో పాత గాయం. గుడి అరుగు మీద గంటలకొద్దీ సాగే వాదం కంటే ఆ గాజు ముక్క ఎక్కువ నిజం చెబుతుంది.

ఇక్కడ కొందరు విశ్వాసులు లోతైన మాట ఒకటి అంటారు. "దేవుడు గోడలలో లేడు. మనమే దేవుని ఆలయమని పునీత పౌలు గారు నేర్పారు కదా. ఈ ఇటుకల మీద అంత మమకారం ఎందుకు?" మాట నిజమే. కాని సగం నిజం. పూర్తిగా ఆత్మలమే అయితే మనకు గుడి అవసరం లేదు, జ్ఞానస్నానానికి నీరు అవసరం లేదు, దివ్యసత్ప్రసాదానికి రొట్టె అవసరం లేదు. మనం శరీరమున్నవారం. అందుకే దేవుని కుమారుడు శరీరం ధరించి మన మధ్యకు వచ్చాడు. కంటితో చూసి, చేతితో తాకి, మోకాలు మోపి మనం దేవుని వద్దకు నడుస్తాం. సిలువ మీది క్రీస్తును గుర్తు తెచ్చుకోవడానికి ఒక కొయ్య సిలువ ఎలా ఉపకరిస్తుందో, మన ముందు నడిచిన విశ్వాసులను గుర్తు తెచ్చుకోవడానికి అరిగిన మెట్టు అలా ఉపకరిస్తుంది.

అస్సీసి పునీత ఫ్రాన్సిసు జీవితం దీనికి మంచి ఉదాహరణ. 1206 ప్రాంతంలో శిథిలమైన సాన్ దామియానో గుడిలో ప్రార్థిస్తూ ఉండగా, తన ఇంటిని బాగుచేయమని క్రీస్తు తనను పిలిచినట్టు ఆయన గ్రహించాడు. ఆ పిలుపుకు శ్రీసభ అంతటినీ బాగుచేయడం అనే పెద్ద అర్థం ఉన్నదని తరువాత తెలిసింది. కాని ఫ్రాన్సిసు పెద్ద అర్థం కోసం కూర్చోలేదు. రాళ్లు అడుక్కుని మోసుకొచ్చి ఆ గోడనే కట్టాడు. చిన్న గోడను బాగుచేసిన చేతులకే దేవుడు పెద్ద ఇంటి పని అప్పగించాడు. ఆ చిన్న గుడి ఈనాటికీ అస్సీసి ఊరి బయట నిలిచి ఉంది.

పునీత తోమాసు అక్వినాసు తన వేదాంత సంగ్రహంలో భక్తి అనే సుగుణాన్ని వివరిస్తూ, దేవుని తరువాత మనం ఎక్కువగా ఋణపడినది తల్లిదండ్రులకూ, పుట్టిన దేశానికీ అంటాడు. ఈ ఋణం ఎన్నటికీ పూర్తిగా తీరేది కాదు. గౌరవం చూపడం, అవసరంలో ఆదుకోవడం మాత్రమే మనం చేయగలిగింది. పాత దేవాలయం ఈ ఋణంలోకే వస్తుందని నా అభిప్రాయం. పందొమ్మిదో శతాబ్దం చివర మిల్‌హిల్ గురువుల కాలంలో లేచిన ఫిరంగిపురం బాలయేసు దేవాలయాన్ని చూడండి. సోదర సంఘానికి చెందిన మెదక్ చర్చిని చూడండి. 1914 నుంచి 1924 దాకా కరువు రోజులలో పని చేసి తిండి సంపాదించుకున్న పేదల చేతుల మీద అది లేచింది. వీటిని కట్టినవారిలో ఎక్కువమంది పేర్లు ఏ ఫలకం మీదా లేవు. ఆ గోడే వారి ఫలకం.

అలాగైతే గుడి ఎవరిది? కట్టినవారు సమాధులలో ఉన్నారు, మన సమావేశానికి వచ్చి చేయి ఎత్తలేరు. రేపు అందులో జ్ఞానస్నానం పొందవలసినవారు ఇంకా పుట్టలేదు, వారూ చేయి ఎత్తలేరు. చేయి ఎత్తగలిగేది మధ్యలో ఉన్న మనం మాత్రమే. పెద్దలు పోయాక పసిపిల్లల ఆస్తికి కాపలా ఉండే మేనమామ వంటివారం మనం. అవసరమైతే ఆ ఆస్తిని వాడవచ్చు, మార్చవచ్చు కూడా. కాని మనదేననుకుని ఖర్చు పెట్టకూడదు.

శ్రీసభ చట్టం కూడా ఈ దృష్టితోనే నడుస్తుంది. 1983 నాటి చట్టంలో 1222వ నియమం ప్రకారం, పూజకు ఏ విధంగానూ పనికిరాని, బాగుచేసే వీలు కూడా లేని దేవాలయాన్ని పీఠాధిపతులు ఇతర మర్యాదకరమైన పనులకు మార్చవచ్చు. ఇతర గంభీరమైన కారణాలు ఉంటే గురువుల మండలి అభిప్రాయం తీసుకోవాలి, ఆ గుడి మీద న్యాయమైన హక్కు ఉన్నవారి సమ్మతి పొందాలి, ఆత్మల మేలుకు నష్టం రాకూడదు. గంభీరమైన కారణం అంటే ఏమిటో రోములోని గురువుల వ్యవహారాల కార్యాలయం 2013లో మార్గదర్శకాలు ఇచ్చింది. రేపెప్పుడో రావచ్చునన్న కారణం చాలదని అందులో ఉంది. కట్టేటప్పుడూ, బాగుచేసేటప్పుడూ నిపుణుల సలహా తీసుకోవాలని 1216వ నియమం చెబుతుంది. అంటే విచారణ గురువు ఒక్కడికీ ఈ హక్కు లేదు, చందా ఎక్కువ ఇచ్చినవారికీ లేదు.

న్యూయార్క్ నగరంలో పునీత బ్రిజిడమ్మ గుడి కథ ఇక్కడ చెప్పుకోదగినది. కరువుకు తాళలేక ఐర్లాండు విడిచి వచ్చిన పేదల కోసం 1848లో మొదలైన గుడి అది. కాలక్రమంలో ఆ పేట మారింది, స్పానిష్ మాట్లాడే కుటుంబాలు ఆ విచారణ ప్రజలయ్యారు. గోడ పగలడంతో 2001లో గుడి మూసేశారు. 2006లో కూల్చే పని మొదలుపెట్టారు. పేటవాసులు వీధిలో నిలిచారు, న్యాయస్థానానికి వెళ్లారు, పని ఆగింది. 2008లో పేరు చెప్పని దాత ఒకరు 2 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2013 జనవరిలో ఆ గుడి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

ఈ కథలో దాత గొప్పవాడే. కాని 2006లో వీధిలో నిలిచినవారు లేకపోతే 2008లో ఆ దాతకు కాపాడటానికి గుడి మిగిలేది కాదు. ఇంకొక విషయం కూడా గమనించండి. ఆయన ఇచ్చినదంతా గోడలకు పోలేదు. ఒక కోటి డాలర్లు కట్టడానికి, 20 లక్షలు ఆ విచారణ శాశ్వత నిధికి, 80 లక్షలు బడి పిల్లల కోసం, విచారణ ఇతర అవసరాల కోసం. గోడను నిలబెట్టేది మనుష్యులని ఆ దాతకు తెలుసు.

మన పేటలకు అటువంటి దాత రాకపోవచ్చు. మనకు తగిన మార్గం రాజుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. యోవాషు రాజు దేవాలయం మరమ్మతుకు ఆజ్ఞ ఇచ్చాడు. అతని ఏలుబడి 23వ ఏడు వచ్చినా గురువులు ఆ పని చేయించలేదు! అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం పక్కన పెట్టించాడు. నిండినప్పుడల్లా లెక్కపెట్టి వడ్రంగులకు, తాపీ పనివారికి, రాతి పనివారికి ఇచ్చారు. ఆ డబ్బుతో వెండి పాత్రలు చేయించలేదని కూడా గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. కారే కప్పుకు ఇచ్చిన డబ్బు కప్పుకే పోవాలన్నమాట.

మనకు కొత్త గుడి మీద ఉన్న ఉత్సాహం మరమ్మతు మీద ఎందుకు ఉండదో ఇక్కడ అర్థమవుతుంది. శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది, దాని మీద పేర్లు ఉంటాయి. జారిన పెంకు సర్దినవాడి పేరు ఎవరూ చెక్కరు. అందువల్ల కూల్చవద్దు అనేవారికి నేను ఒక మాట మనవి చేస్తాను. మీ మాట న్యాయమైనదే. కాని ఆ మాట అన్న నోటికి ఒక నిచ్చెన కూడా తోడు ఉండాలి. ఏటా మృగశిర కార్తె రాకముందే కప్పు ఎక్కి పెంకులు సర్దాలి, గోడల మీది మొక్కలు పీకాలి, చూరు నీరు దూరంగా పోయేలా కాలువ తీయాలి, దూలాలకు చెదలు పట్టాయేమో చూడాలి. ఏడాదికి ఒక్కసారి పండుగకు వచ్చి, "మా తాతల గుడి" అని కన్నీరు పెట్టి బస్సెక్కేవారికంటే, ఆ కాలువ తీసిన కూలివాడే ఆ తాతలకు నిజమైన మనుమడు.

అన్నీ చూసిన తరువాత కూడా కూల్చక తప్పదని తేలవచ్చు. అప్పుడైనా కూల్చే పద్ధతి ఒకటి ఉంది. అన్యులు మైలపరచిన బలిపీఠాన్ని యూదా మక్కబీయుడు తీసివేయించినప్పుడు, ఆ రాళ్లను పారవేయలేదు. ప్రవక్త వచ్చి ఏమి చేయాలో చెప్పేవరకు తగిన చోట భద్రపరచమన్నాడు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించి నిలబెట్టారు. మనం అంత చేయలేకపోయినా, ప్రతిష్ఠలో పరిశుద్ధ తైలం పూసిన బలిపీఠం రాయి కాంట్రాక్టరు ట్రాక్టరులో రోడ్డు గుంటలు పూడ్చడానికి పోకూడదు. జ్ఞానస్నానపు తొట్టి, గంట, పునాది రాయి, పాత రిజిస్టర్లు కొత్త గుడిలో తమ స్థానం పొందాలి. కూల్చే ముందు గుడిని అన్ని వైపులా కొలిచి, ఫొటోలు తీసి ఉంచాలి. పెద్దవారి చేత జ్ఞాపకాలు చెప్పించి రాయించాలి.

ముసలివారు ఏడిస్తే ఏడవనివ్వాలి. బబులోను నుంచి తిరిగివచ్చినవారు కొత్త దేవాలయానికి పునాది వేసిన రోజున, పాత దేవాలయాన్ని కన్నులారా చూసిన వృద్ధులు బిగ్గరగా ఏడ్చారనీ, మరెందరో సంతోషంతో కేకలు వేశారనీ, ఏది ఏడుపో ఏది ఆనందమో వేరు చేయలేకపోయారనీ ఎజ్రా గ్రంథం చెబుతుంది. ఎవరినీ ఎవరూ నోరు మూసుకోమనలేదు. రెండు స్వరాలూ ఒకే దేవుని సన్నిధికి చేరాయి.

మీ విచారణలో ఈ విషయం చర్చకు వస్తే తీర్మానం రాసే ముందు మూడు పనులు చేయండి. తెలిసిన ఇంజనీరుకు చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. గడచిన ఇరవై ఏళ్లలో మరమ్మతుకు ఎంత ఖర్చు పెట్టారో విచారణ లెక్కల పుస్తకం తెరిచి చూడండి. ఆ తరువాత మీ పీఠాధిపతుల వద్దకు వెళ్లండి. రెండవ పని చేసినప్పుడు చాలామంది మౌనంగా ఉండిపోవచ్చు. ఆ మౌనం తరువాత తీసుకునే నిర్ణయం, నిలబెట్టడానికైనా కూల్చడానికైనా, కొంత మంచిదే అవుతుంది.